ముదురు జాడీ

పొద్దు నడినెత్తికి వస్తున్నా గుండయ్య అయ్యగారు ఆ ఇంటి నీళ్ళు ముట్టలేదు.

ఆయన కాళ్ళు కడగడానికి తెచ్చిన ఇత్తడి తాంబాళం అరుగు మీద పొడిగానే ఉంది. కులగురువైన మఠం అయ్యగారు ఇంటికొస్తే ఆయన కాళ్ళు కడిగి, ఆయనకు వడ్డించి, ఆయన తిన్న తర్వాతే ఇంటివాళ్ళు తినాలి. శంకరప్ప తాతల నాటి నుంచీ అదే రివాజు. అందుకని పొద్దుటి నుంచి ఆ ఇంట్లో ఎవరి నోట్లోనూ ముద్ద పడలేదు. ఆరేళ్ళ చెన్నికి కూడా పెట్టలేదు. వంటింట్లో జొన్నరొట్టెలు బిగుసుకుపోయాయి, పప్పు తొరక కట్టింది.

శంకరప్ప అరుగు కింద చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అల్లం బేరమాడేటప్పుడు జహీరాబాదు బజారు ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించే గొంతు ఆయనది. ఈ పూట ఆ గొంతు పెదవి దాటడం లేదు. సంఘం పెద్దలు చాప మీద కూర్చుని ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు.

శంకరప్ప ఇంట్లో అల్లం బీరు చేస్తున్నారన్నది కొత్త సంగతి కాదు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి మిలిటరీ క్యాంపుకు పోయే సీసాల పెట్టెలను స్టేషనులో చూడనివాళ్ళు లేరు. అల్లం మన చేలోది, బెల్లం మన గానుగది, తాగేది తెల్లదొరలు, మనకేం పోయిందని లింగాయతు పెద్దలు ఇంతకాలం ముఖాలు పక్కకు తిప్పుకొని కాలం గడిపారు. పండక్కి శంకరప్ప పంపే బెల్లం బుట్టలు కూడా ముఖాలు తిప్పుకోవడానికి బాగా పనికొచ్చాయి. ఇప్పుడు అయ్యగారి చెవిన పడ్డది వేరే మాట. ఆ ఇంట్లో చెయ్యడమే కాదు, తాగుతున్నారు కూడా అని.

తాగేవాళ్ళెవరో ఇంకా ఎవరూ పేరు పెట్టి అనలేదు.

వెనక కొట్టంలో భాగీరథి జాడీల మధ్య కూర్చుని ఇదంతా వింటోంది. శంకరప్ప తమ్ముడు సంగప్ప భార్య ఆమె. సంగప్ప ప్లేగులో పోయాక, ఆమెకు మిగిలింది కూతురు చెన్ని, ఈ కొట్టం. శంకరప్ప భార్య గిరిజమ్మకు పిల్లల్లేరు. మరిది పోయిన మర్నాటి నుంచే ఆమె చెన్నికి తల దువ్వి, జడ వేసి, తనను 'అమ్మా' అనమని నేర్పుతోంది. చెన్ని అనేది కాదు. అననందుకు తొడపాశం తినేది.

బీరు పని భాగీరథికి నేర్పింది పీటర్. రైళ్ళలో దొరలకు వంట చేసి, ముసలితనంలో జహీరాబాదు చేరినవాడు. చుట్టలు కాల్చి కాల్చి నాలుక మొద్దుబారిందని, రుచి చూసే పని ఆమెకు అప్పగించాడు. పలచ జాడీ ఎప్పుడు నాలుక కొసను గిల్లాలో, ముదురు జాడీ ఎప్పుడు గొంతు వెనక వెచ్చగా తాకాలో, తీపి పూర్తిగా విరగకముందే బిరడా కడితే సీసా ఎట్లా పేలుతుందో అన్నీ చెప్పాడు. ఆ చివరి సంగతి ఆయన నోటితో చెప్పనక్కర్లేదు. ఆయన ఎడమ కన్ను పోయింది అట్లాగే. పోయిన వానాకాలం పీటర్ కూడా పోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ జాడీ అయిందో, ఏది కాలేదో చెప్పగల నాలుక భాగీరథిది ఒక్కటే.

గుప్పెడు జొన్నపేలాలు నమిలి నోరు శుభ్రం చేసుకోవడం, ఒక గుక్క పుక్కిట పట్టడం, కళ్ళు మూసుకోవడం, ఉమ్మేయడం. ఇంతే ఆమె తాగుడు.

శంకరప్ప కొట్టంలోకి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవాడు, ఇవాళ లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. తన తమ్ముడి పెండ్లాం తన కూతురితో సమానమన్నాడు. అయ్యగారు ఇంట్లోవాళ్ళకు పరీక్ష పెడతానంటున్నాడని చెప్పాడు. ఎవరినో ఎందుకు, రుచి చూసేది తనే గనుక తననే పిలుస్తాడని కూడా చెప్పాడు.

"ఏం ఫికర్ చెయ్యకు, భాగీరథీ. గిలాసల ఇయ్యాల దంచిన అల్లం పానకం పోపిస్త. బీరు గాదు. నువ్వు ఎప్పటిలెక్కనే లింగానికి సూపెట్టి తాగు. అయ్యగారు వాసన సూస్తె పానకమే గద. మాట ఆడికే ఖతం అయితది."

"చెన్ని ఆకలికి ఏడుస్తున్నది, బావా."

"ఇది అయినంక అందరం తింటం."

ఆమె నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది. ఆ మనిషి ఆమెతో అంతసేపు మెత్తగా మాట్లాడటం అదే మొదటిసారి, పాపం ఆమెకు మెత్తని మాటల అలవాటు లేదు.

అరుగు ముందుకు రాగానే ఆమె కొంగు నిండుగా కప్పుకొని అయ్యగారికి మొక్కింది. మెడలో వెండి కాయ, అందులో లింగం. పుట్టిన కొన్నాళ్ళకే ఈ అయ్యగారి తండ్రి కట్టిన లింగం అది. అది మెడలో ఉన్నన్నాళ్ళే ఆమె ఆ ఇంటి మనిషి. వంటింట్లోకి పోవాలన్నా, చెన్నికి ముద్ద కలిపి పెట్టాలన్నా, చచ్చాక తన వాళ్ళ పక్కన మట్టి దక్కాలన్నా అదే. లింగం తీసేస్తే మనిషి బతికుండగానే బయటిదైపోతుంది. ఆ భయం ఆ ఇంట్లో ఒకరు చెబితే నేర్చుకునేది కాదు.

శంకరప్ప ఏదో మొదలుపెట్టబోయాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆపాడు.

"నాకు మాటలొద్దు, శంకరప్పా. మాటలు నీ దగ్గర మస్తున్నయి. నీ మరదలికి ఒక గిలాస ఇయ్యిన్రి. నేను ఆమె నోరు సూడ. చెయ్యి సూస్త."

చాప మీది పెద్దలు అప్పుడు తలలెత్తారు. లింగం కట్టుకున్న మనిషి మంచినీళ్ళయినా సరే లింగానికి చూపకుండా నోట్లో పోసుకోడు. చూపితే అది ప్రసాదం, చూపకపోతే ఎంగిలికన్నా హీనం. భాగీరథి గిలాసను లింగానికి చూపకపోతే, అందులోది చూపదగ్గది కాదని ఆమెకు తెలుసన్నమాట. చూపితే, అందులో ఏముందో అయ్యగారు చూసుకుంటాడు. గుండయ్య మెల్లగా మాట్లాడే మనిషి. ఉచ్చు కూడా మెల్లగానే బిగిస్తాడు.

గిరిజమ్మ లోపల్నుంచి గిలాస తెచ్చింది. పైన తమలపాకు కప్పి తెచ్చింది. అంత మర్యాద ఎందుకో భాగీరథికి అప్పుడు తోచలేదు.

చెయ్యి తన దారిన తను పోయింది. ఎడమ చేత్తో వెండి కాయను కొంగులోంచి తీసి మూత తెరవడం, కుడి చేతిలో గిలాసను దానికి చూపడం, కళ్ళు మూసుకోవడం. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేస్తున్న పని. ఆకు తీసి గిలాసను పెదవుల దగ్గరికి తెచ్చినప్పుడు వాసన తగిలింది.

పానకం కాదు. ముదురు జాడీ. ఉగాది ముందు వేసి, దొరల బంగళాకని విడిగా దాచింది.

ఆమె గిలాస మీదుగా బావ వైపు చూసింది. శంకరప్ప రుమాలు తీసి దులిపి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. గిరిజమ్మ మాత్రం చూపు తిప్పుకోలేదు. ఆమె పక్కన చెన్ని నిలబడి ఉంది, ఆమె చెయ్యి చెన్ని భుజం మీద ఉంది. అంతా తెలిసిపోయింది భాగీరథికి. తెలిసేసరికి గిలాస లింగానికి చూపడం అయిపోయింది.

అయ్యగారు గిలాస తీసుకొని వాసన చూశాడు. మూతి ముడవలేదు, కోపం తెచ్చుకోలేదు. పక్కన పెట్టి అడిగాడు.

"దినాం గిట్లనే సూపెడ్తవా, బిడ్డా?"

"సూపెట్టకుంట ఎన్నడు నోట్లె వొయ్యలేదయ్యా."

"ఇది ఏందో తెలుసా నీకు?"

తెలియదంటే సరిపోయేది. కానీ చేతిలో వెండి కాయ ఇంకా తెరిచే ఉంది. దాని ముందు ఆమె అబద్ధమాడలేకపోయింది.

"ముదురు జాడీది, అయ్యా. దొరలకు పోయేది."

చాప మీద ఎవరో శివ శివా అన్నారు. శంకరప్ప రెండు చెంపలూ వాయించుకున్నాడు. తన ఇంట్లో, తన వెనక కొట్టంలో, లింగానికి బీరు ఆరగింపు పెడుతున్నారని తనకు తెలియనే తెలియదని ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుపు బాగానే వచ్చింది.

"మింగలేదయ్యా," అంది భాగీరథి. ఆ మాట తనను కాపాడుతుందని నిజంగానే అనుకుంది. "ఒక్క సుక్క గూడ మింగలేదు. రుచి సూసి ఉమ్మేసిన."

అయ్యగారు అప్పటిదాకా ఆమెను కాస్త జాలిగానే చూస్తున్నాడు. ఆ మాటతో ఆ జాలి కాస్తా పోయింది.

"లింగానికి సూపెట్టినంక అది పరసాదం. పరసాదాన్ని ఉమ్మేసినవా?"

అన్నం మెతుకు కింద పడితే కళ్ళకద్దుకొని తినే ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. ఇన్నాళ్ళూ కొట్టం మూలన, బూడిద మీద ఉమ్మింది ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. మోసం చేసినవాళ్ళ మీద రావలసిన కోపం కూడా రాలేదు. సిగ్గు వచ్చింది.

అయ్యగారు లేచి, ఆమె మెడలోంచి దారంతో సహా వెండి కాయను తీసుకున్నాడు. దారం జుట్టులో చిక్కుకుంటే గిరిజమ్మ ముందుకొచ్చి విడదీసింది. విడదీసేటప్పుడు రెండు వెంట్రుకలు పట్టి లాగింది కూడా. చెన్ని "అమ్మా" అని పరుగెత్తబోతే అదే చెయ్యి చెన్నిని వెనక్కి పట్టుకుంది.

ఆ తర్వాత తాంబాళంలో నీళ్ళు పోశారు. అయ్యగారి కాళ్ళు కడిగారు. రొట్టెలు మళ్ళీ వేడి చేశారు. కొట్టంలో కూర్చున్న భాగీరథికి వడ్డన చప్పుళ్ళు, త్రేన్పులు అన్నీ వినిపించాయి. సాయంత్రానికి ఎవరో మోదుగాకులో రెండు రొట్టెలు పెట్టి గుమ్మం బయట నేల మీద పెట్టిపోయారు. చెన్ని గొంతు ఒకసారి వినిపించింది, తర్వాత తలుపు మూసిన చప్పుడైంది.

మర్నాడు పొద్దున్నే శంకరప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడ్డాడు. నిన్నటి ఏడుపు తాలూకు జాడ కూడా ముఖాన లేదు. కొత్త జాడీ చూడాలని, క్యాంపువాళ్ళు తొందర పెడుతున్నారని, ఇవాళే సీసాలకెత్తి బిరడాలు కట్టించాలని చెప్పాడు.

ఆమె జాడీ మీది గుడ్డ సర్దింది. తర్వాత అడిగింది, "నన్నెట్ల సూడమంటవు, బావా? లింగం తీయించినవు గద."

"అందుకే గద తీయించింది," అన్నాడు శంకరప్ప. పంచె అంచు సర్దుకుంటూ, ఎద్దుకు ముకుతాడు మార్చిన సంగతి చెప్పినంత తాపీగా చెప్పాడు. "అయ్యగారు ఇంటిమొత్తం మీదికే వచ్చిండు. ఒక్కరు పోతె అందరం మిగుల్తం. ఇగ నీకు లింగం లేదు, నువ్వు ఏం నోట్లె పోసుకున్నా దోషం లేదు, మాకు మాట రాదు. కొట్టంల ఉండు, తిండి పెడ్త. చెన్నిని మీ అక్క సాదుకుంటది. దానికి లింగం ఉన్నది గద, అది మా ఇంటి పిల్ల."

భాగీరథి ఆయన్ను చూసింది. ఇంతసేపూ రాని కోపం అప్పుడు వచ్చింది. అరవలేదు. ఏడవలేదు. జొన్నపేలాలు నమిలింది. గరిటెతో కొత్త జాడీలోంచి ఒక గుక్క తీసుకుంది. ఎడమ చెయ్యి మెడ దగ్గరికి పోయి, అక్కడ ఏమీ దొరక్క దిగిపోయింది.

తీపి. ఇంకా బెల్లం తీపి అట్లాగే ఉంది. లోపల పులుపు ఇప్పుడిప్పుడే పని మొదలుపెట్టింది. ఇంకా కొన్ని రోజులు గుడ్డ కప్పి వదిలేయాల్సిన జాడీ అది. ఈ ఎండల్లో ఇట్లాంటిదానికి బిరడా కడితే పేలడానికి ఒక్క పూట చాలు.

ఈసారి ఆమె ఉమ్మలేదు. మింగింది.

"అయింది బావా," అంది. "కట్టించు."

ఆయన ఆ నాలుకను ఎన్నడూ అనుమానించలేదు. ఆ ఇంట్లో ఆమెకు దక్కిన గౌరవం అదొక్కటే. మధ్యాహ్నం లోపు సీసాలు నిండాయి, బిరడాలు దిగాయి, పురికొసలు బిగిశాయి. మామూలుగా అవి కొట్టంలోనే ఉండేవి. గిరిజమ్మ ఒప్పుకోలేదు. లింగం పోయినదాని దగ్గర బీరు పెడితే సగం తాగేస్తుందని, తన నడిమింట్లో పెట్టించమంది. నడిమిల్లు ఇంట్లోకెల్లా చల్లన. గిరిజమ్మ మధ్యాహ్నం నిద్ర అక్కడే. పెట్టెలను ఆమె మంచం తలాపున, గోడ పొడుగునా పేర్చారు.

భాగీరథి అది విని సంతోషించింది. దాచడం ఎందుకు, సంతోషించింది. పీటర్ కన్ను గుర్తు తెచ్చుకుంది. ఆ మంచం మీద పడుకునే ముఖాన్ని గుర్తు తెచ్చుకుంది. గడ్డి మీద ఒరిగి, చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టు కళ్ళు మూసుకుంది.

నిద్ర పట్టే వేళకు చెన్ని ఏడుపు వినిపించింది. వాకిట్లోంచి కాదు, వంటింట్లోంచి కాదు. నడిమింటి గోడ అవతల్నుంచి. మధ్యాహ్నాలు చెన్ని కొట్టంలో తల్లి పక్కనే పడుకునేది. ఇవాళ గిరిజమ్మ గొంతు ఆ ఏడుపును సముదాయిస్తోంది, ఇంక రోజూ నా దగ్గరే పంటవు, ఈడనే సల్లగుంటది, పండు బిడ్డా అని.

భాగీరథి లేచింది. లింగం లేనిది ఇంటి గడప దాటకూడదన్న సంగతి గుర్తు రాలేదు. వంటింట్లోంచి పరుగెత్తింది, పొయ్యి దగ్గర కుండ కాలికి తగిలి దొర్లిపోయింది. నడిమింటి తలుపుకు లోపల గొళ్ళెం వేసి ఉంది. రెండు చేతులతో బాదింది.

"అక్కా, తలుపు తియ్యి. పోరిని బయటికి తోలు. సీసాలు పగుల్తయి."

లోపల మంచం కిర్రుమంది. గిరిజమ్మ లేవలేదు.

"ఇంట్లెకెట్ల వచ్చినవే? ఎవలన్న సూస్తె మళ్ళ అయ్యగారి కాళ్ళు కడగాలె."

"ఆ జాడీ కాలేదక్కా. తీపి ఉన్నది. నేనే అబద్ధం చెప్పిన. నీ కాళ్ళు మొక్కుత, చెన్నిని జర బయటికి పంపు, నువ్వు గూడ రా."

"పొద్దుగాల అయిందంటివి. ఇప్పుడు కాలేదంటున్నవు." గిరిజమ్మ గొంతులో నవ్వుంది. దుప్పటి సర్దిన చప్పుడైంది. "పోరి కోసం ఏం మాటలన్న చెప్తవు. లింగం లేని నోరు నీది. దాని మాట ఎవలు నమ్ముతరే?"

"అమ్మా," అని చెన్ని ఏడ్చింది. గొంతు తలుపు దగ్గర్నుంచి రాలేదు. తలాపు వైపు నుంచి, గోడ పక్క నుంచి వచ్చింది.

"చెన్నీ, మంచం దిగు. గోడ దిక్కు పోకు, తలుపు దిక్కు రా, బిడ్డా, నా దిక్కు రా."

"పండుకోయే," అంది గిరిజమ్మ.

భాగీరథి భుజంతో తలుపును గుద్దింది. గొళ్ళెం కదల్లేదు. మళ్ళీ గుద్దబోయి ఆగింది. లోపల ఎక్కడో ఒక పురికొస సన్నగా కిర్రుమనడం ఆమె చెవికి తెలిసింది. ఆ చప్పుడు ఆమెకూ పీటర్‌కూ తప్ప ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆమె కూతురి పేరు పెట్టి అరిచింది. ఆ అరుపు మధ్యలోనే మొదటి సీసా పగిలింది. దాని వెనకే పెట్టె పెట్టెంతా పగిలింది.

గిరిజమ్మ కేక ఇల్లంతా వినిపించింది. తలుపు కింది సందులోంచి నురుగు, అల్లం వాసన బయటికి వచ్చాయి. భాగీరథి చెన్ని ఏడుపు కోసం చెవి తలుపుకు ఆనించింది.

చెన్ని ఏడుపు ఆగిపోయింది.